ఊళ్లో పాత గ్రంథాలయ భవనం: కూల్చాలా, నిలబెట్టాలా తేల్చుకోవడం ఎలా?

ఎనభై, తొంభై ఏళ్ల కిందట ఊళ్లోవాళ్లు చందాలు వేసుకుని కట్టుకున్న గ్రంథాలయం. మిద్దె కారుతోంది, గోడలు పెచ్చులూడుతున్నాయి. కమిటీలో కొందరు కూల్చేసి కొత్తది కడదామంటారు. కొందరు తాతల నాటి కట్టడం ముట్టుకోవద్దంటారు. రెండు వర్గాల మధ్య గదికి తాళం పడుతుంది, వానలు మాత్రం ఆగవు. ఇలాంటి భవనం చేతిలో ఉన్నవాళ్లు చాలామంది అడుగుతున్నారు కాబట్టి, ఏ పని తర్వాత ఏ పని చెయ్యాలో ఇక్కడ రాస్తున్నాను. టౌన్ హాలుకైనా, సత్రానికైనా, రీడింగ్ రూముకైనా పద్ధతి ఇదే.

ఒక్క మాట ముందే చెప్పాలి. "కూల్చాలా, వద్దా" అన్నది ఆఖరున అడగాల్సిన ప్రశ్న. దానికంటే ముందు నాలుగు తేలాలి: భవనం ఎవరిది? ఎంత గట్టిగా ఉంది? ఎవరు వాడతారు? ఏటేటా దాన్ని ఎవరు పోషిస్తారు? ఈ నాలుగూ తేలకుండా సభ పెడితే అది గొడవతోనే ముగుస్తుంది.

## 1. ఈ వారంలోనే చెయ్యాల్సినవి

నిర్ణయానికి నెలలు పట్టొచ్చు. ఈలోగా ఎవరి మీదా పెచ్చు కూడా పడకూడదు.

- కారుతున్న, ఉబ్బిన పైకప్పు కింద ఎవరినీ కూర్చోనివ్వకండి. ఆ గది వరకూ మూసి, గట్టిగా ఉన్న భాగంలో పేపర్లు, కుర్చీలు వేసి నడపండి. మొత్తానికి తాళం వేస్తే పాఠకులు అలవాటు తప్పుతారు, మళ్లీ రారు.
- వంగిన దూలం కింద ఊతాలు పెట్టించండి. ఇనుప జాకీ ఊతాలు సెంట్రింగ్ సామాను అద్దెకిచ్చే చోట దొరుకుతాయి.
- కరెంటు పాత వైరింగ్ అయితే, తడి గోడ మీది స్విచ్ బోర్డులకు సరఫరా తీసేయించండి.
- పుస్తకాలను తడి గోడలకు దూరంగా జరపండి. పాత పత్రికల సంపుటాలు, తాళపత్రాలు ఉంటే ముందు వాటి జాబితా రాయండి. వేటపాలెంలోని పాత గ్రంథాలయం సారస్వత నికేతనాన్ని వెతుక్కుంటూ పరిశోధకులు వెళ్లేది అక్కడి పాత పత్రికల కోసమే. మీ బీరువాలో ఏముందో మీకే తెలియకపోతే దాని విలువ కట్టేదెవరు?
- లోపలా బయటా ప్రతి గోడనూ తేదీ పడేలా ఫోటోలు తీయండి.

మున్సిపాలిటీలు ఏటా వానాకాలం ముందు శిథిల భవనాలకు నోటీసులు ఇస్తుంటాయి. మీకూ వస్తే కంగారుపడకండి, అలాగని పక్కన పడెయ్యకండి. గడువులోపు రాతపూర్వకంగా జవాబివ్వండి: ప్రమాదమున్న భాగం మూసేశాం, ఊతాలు పెట్టాం, ఇంజినీరుతో పరీక్ష చేయిస్తున్నాం, నివేదిక ఫలానా తేదీకి ఇస్తాం అని. అందినట్టు ముద్ర వేయించుకోండి.

## 2. కాగితాలు: భవనం అసలు ఎవరిది?

"మా ఊరి గ్రంథాలయం" అంటాం గానీ, కాగితం మీద ఆ స్థలం దాత వారసుల పేరునో, ఎప్పుడో నిద్రపోయిన సొసైటీ పేరునో, పంచాయతీ పేరునో, జిల్లా గ్రంథాలయ సంస్థ పేరునో ఉండొచ్చు. ఇది తేలకుండా రూపాయి కూడా వసూలు చెయ్యకండి.

తెచ్చుకోవాల్సినవి:

- దానపత్రం లేదా ట్రస్టు పత్రం నకలు. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో దొరుకుతుంది. ఆన్‌లైన్ ఈసీలో (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే పత్రంలో) సాధారణంగా 1983 నుంచి జరిగిన లావాదేవీలే కనిపిస్తాయి. అంతకు ముందువి కావాలంటే పాత పుస్తకాలు వెతకమని విడిగా దరఖాస్తు పెట్టాలి. శిలాఫలకం మీది సంవత్సరం చెబితే వెతకడం సులువు.
- పట్టణమైతే టౌన్ సర్వే రికార్డు, ఆస్తిపన్ను అసెస్‌మెంటు. పల్లె అయితే స్థలం గ్రామకంఠంలో ఉందేమో, పంచాయతీ ఇంటిపన్ను రిజిస్టరులో ఎవరి పేరుందో చూడండి.
- సొసైటీ ఉంటే రిజిస్ట్రేషను సర్టిఫికెట్, బైలాలు, ఆఖరిసారి జిల్లా రిజిస్ట్రారుకు ఇచ్చిన సభ్యుల జాబితా.
- రిజిస్ట్రేషను కుదరని నిషేధిత ఆస్తుల జాబితాలో (22-ఏ అంటారు) ఆ సర్వే నంబరు ఉందేమో.

దానపత్రం దొరికాక ఓపిగ్గా చివరిదాకా చదవండి. "గ్రంథాలయానికి తప్ప వేరే పనికి వాడితే స్థలం తిరిగి మా వారసులకు చెందును" అన్న తరహా షరతు పాత పత్రాల్లో ఉంటుంది. షాపింగ్ కాంప్లెక్స్ ప్లాను గీయించాక ఆ వాక్యం బయటపడితే వారసులు కోర్టుకెళ్తారు. వెళ్లడం న్యాయమే కూడా.

సత్రమైతే దేవాదాయ శాఖ కిందికి వస్తుందేమో చూడాలి. 1987 దేవాదాయ చట్టం ప్రకారం అలాంటి ఆస్తి అమ్మాలంటే శాఖ అనుమతి తప్పనిసరి. కమిటీ తీర్మానం ఒక్కటే చాలదు.

రక్షణ సంగతీ చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో 1960 నాటి పురావస్తు చట్టం, తెలంగాణలో 2017 నాటి వారసత్వ చట్టం ఉన్నాయి. మీ భవనం వాటి జాబితాల్లో లేకపోయినా, పక్కన కేంద్ర పురావస్తు శాఖ కాపాడే గుడో కోటో ఉంటే దాని హద్దు నుంచి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం కుదరదు. ఆపైన ఇంకో 200 మీటర్ల దాకా అనుమతి తీసుకోవాలి. ఈ ఒక్క నిబంధనతో కొన్నిచోట్ల చర్చే ముగిసిపోతుంది. పాతది కూలిస్తే అక్కడ మళ్లీ కట్టుకునే వీలుండదు కాబట్టి.

ప్రభుత్వం చేతిలో ఉన్నా పద్ధతి తప్పితే నిర్ణయం నిలవదు. కొత్త అసెంబ్లీ కోసం హైదరాబాద్ ఎర్రమంజిల్ ప్యాలెస్‌ను కూల్చాలన్న మంత్రివర్గ నిర్ణయాన్ని తెలంగాణ హైకోర్టు 2019 సెప్టెంబరులో కొట్టేసింది.

## 3. భవనాన్ని మీ కళ్లతో చూడండి

ఇంజినీరును పిలిచే ముందు మీరే ఒక పూట తిరిగి చూడాలి. పాత భవనానికి మొదటి శత్రువు వయసు అనుకుంటాం. నేను చూసినంతవరకూ వయసు కంటే నీళ్లే ఎక్కువ చెరుపు చేస్తాయి. హైదరాబాద్ ఉస్మానియా ఆసుపత్రి పాత భవనం గురించి ఏళ్ల తరబడి వాదనలు నడిచాయి. చివరికి అందులోంచి రోగులను తరలించాల్సి వచ్చింది 2020 జులైలో వాన, మురుగు నీళ్లు వార్డుల్లోకి వచ్చినప్పుడు.

నీళ్లు. గట్టి వాన మొదలైన అరగంటకు టార్చిలైటు, సుద్దముక్క పట్టుకుని లోపలికి వెళ్లండి. తడి ఎంతవరకు పాకిందో గోడ మీద గీత గీసి తేదీ వేయండి. మిద్దె ఎక్కి తూములు చూడండి. చాలాసార్లు వేపాకులు అడ్డుపడి నీళ్లు నిలిచి ఉంటాయి. కారే మిద్దెకు లక్షలు ఖర్చవుతాయని అంచనా వేసిన చోట, తూములు శుభ్రం చేసి వాలు సరిచేస్తే సగం కారడం ఆగిపోవచ్చు. గోడ కింది భాగంలో తడి ఉంటే బయట వీధి ఎత్తు చూడండి. రోడ్డు మీద రోడ్డు వేస్తూ పోవడం వల్ల భవనం పల్లంలో పడి ఉంటుంది. అప్పుడు కావాల్సింది చుట్టూ కాలువ.

చెక్క. టేకు దూలం నడుమ ఎంత బాగున్నా నమ్మకండి. పాడయ్యేది గోడలోకి దిగిన కొస. నిచ్చెన వేసుకుని, దూలం గోడను తాకే చోట స్క్రూడ్రైవరు మొనతో నొక్కండి. ఠంగుమని ఆగిపోతే ఆ చెక్క ఇంకా గట్టిదే. పిండిలోకి దిగినట్టు దిగితే ఆ కొస పుచ్చిపోయింది. అయినా దూలం మొత్తం పోయినట్టు కాదు. పాడైన కొస వరకు కోసి కొత్త చెక్క అతకవచ్చు, లేదా ఇనుప బ్రాకెట్ మీద కూర్చోబెట్టవచ్చు. గోడ మీద మట్టి గీతల్లా కనిపించే చెదల దారులను కూడా గుర్తు పెట్టండి.

పగుళ్లు. అన్ని పగుళ్లూ ఒకటి కావు. పాత పగులు కదలకుండా ఉండిపోతే భయం లేదు. ఇంకా కదులుతున్నదే ప్రమాదం. తెలుసుకునే ఉపాయం చవకైనది: పగులుకు అడ్డంగా చిన్న గాజు పట్టీ పెట్టి, రెండు చివరలా ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అతికించి తేదీ రాయండి. గోడ కదిలితే గాజు పగులుతుంది. నల్లరేగడి నేలల్లో మాత్రం ఒక వానాకాలం, ఒక వేసవి పూర్తిగా చూడాలి. ఆ నేల ఎండకు కుంచించుకుంటుంది, తడికి ఉబ్బుతుంది. దాంతో పగుళ్లు తెరుచుకుని మళ్లీ మూసుకుంటాయి. ఏప్రిల్‌లో ఒక్కసారి చూసి భవనం కూలిపోతోందని రాసిన నివేదికను నమ్మవద్దు.

సిమెంటు. అసలు గోడ గానుగ సున్నంతో (తెలంగాణలో డంగు సున్నం అంటారు) కట్టినదై, మధ్యలో ఎవరో సిమెంటు పూత పూయించి ఉంటే అసలు జబ్బు అక్కడే ఉండొచ్చు. సున్నం గోడ చెమ్మను పీల్చి బయటికి వదులుతుంది. పైన సిమెంటు మూసేస్తే ఆ చెమ్మ లోపలే ఉండి పైకి ఎక్కుతుంది, ఉప్పు పొంగి పెచ్చులు ఊడతాయి. దాన్ని చూసి "గోడ పాడైంది" అంటారు. సిమెంటు తీసేసి మళ్లీ సున్నం గార చేయిస్తే గోడ నెమ్మదిగా ఆరుతుంది.

రావి మొక్క. గోడలో మొలిస్తే పీకకండి, ఇటుకలు కూడా వచ్చేస్తాయి. కాండం కోసి, వేరుకు మందు పెట్టి, అది చచ్చాక సందులు సున్నంతో పూడ్పించండి.

## 4. ఇంజినీరును ఎంచుకోవడం

కాంక్రీటు భవనాలు మాత్రమే చూసిన ఇంజినీరు పాత సున్నం గోడను చూడగానే కూల్చమనే చెబుతాడు. అతని తప్పు కాదు, చదివింది అది. సుత్తి దెబ్బతో గట్టిదనం కొలిచే రీబౌండ్ హ్యామర్ పరీక్ష కాంక్రీటు కోసం పుట్టింది. ఇటుక, సున్నం గోడ మీద ఆ అంకె చూపించి "బలం లేదు" అంటే ఒప్పుకోకండి. ఆ తర్వాత ఎప్పుడో అతికించిన కాంక్రీటు వరండాకైతే ఆ పరీక్ష పనికొస్తుంది. తరచూ ముందు పడిపోయేది కూడా ఆ వరండాయే, లోపలి ఇనుము తుప్పు పట్టి.

ఇన్‌టాక్ (వారసత్వ కట్టడాల పరిరక్షణకు పనిచేసే జాతీయ సంస్థ) స్థానిక శాఖను అడిగితే పాత కట్టడాల మీద పనిచేసిన ఆర్కిటెక్టుల పేర్లు చెబుతారు. దగ్గర్లోని విశ్వవిద్యాలయం సివిల్ విభాగాన్నీ అడగండి.

నివేదికలో ఇవి ఉండాలని రాతపూర్వకంగా కోరండి:

- ఏ భాగం గట్టిది, ఏది మరమ్మతుకు లొంగుతుంది, ఏది తీసేయాలి. గదివారీగా, ప్లాను మీద గుర్తులతో.
- పాడవడానికి కారణం. కారణం రాయని నివేదికకు డబ్బు ఇవ్వకండి.
- మూడు అంచనాలు: ఈ వానాకాలం గట్టెక్కడానికి ఎంత, పూర్తి మరమ్మతుకు ఎంత, ఆ తర్వాత ఏటా ఎంత.
- కొత్తది కడితే అయ్యే ఖర్చు, అందులో కూల్చివేత, ఈలోగా నడపడానికి తాత్కాలిక అద్దె కూడా కలిపి.

సలహా ఇచ్చిన మనిషికే కూల్చే కాంట్రాక్టు గానీ కట్టే కాంట్రాక్టు గానీ ఇవ్వవద్దు.

## 5. ఎవరు వాడతారు?

ఇక్కడ మనసు గట్టి చేసుకోవాలి. వాడేవాళ్లు లేని భవనాన్ని ఎంత బాగుచేసినా పదేళ్లలో మళ్లీ అదే స్థితికి వస్తుంది. తలుపు తెరిచేవాడు లేకపోతే తూము మూసుకుపోయిందని చెప్పేవాడూ ఉండడు.

రెండు వారాలు గుమ్మం దగ్గర ఒక నోటుపుస్తకం పెట్టి, ఎవరు ఏ వేళకు ఎందుకు వస్తున్నారో రాయించండి. రానివాళ్లను కూడా అడగండి. ఆడపిల్లలు ఎందుకు రావడం లేదంటే చాలాచోట్ల వచ్చే జవాబు ఒక్కటే: బాత్రూమ్ లేదు, సాయంత్రం లైటు లేదు. గ్రూప్స్, డీఎస్సీ, పోలీసు ఉద్యోగాలకు చదివేవాళ్లకు నిశ్శబ్దం, ఫ్యాను, వైఫై, రాత్రి తొమ్మిది దాకా తెరిచి ఉంచే మనిషి చాలు. హైదరాబాద్ చిక్కడపల్లి గ్రంథాలయం దగ్గర పరీక్షల సీజనులో కుర్చీ దొరకడమే కష్టం. మీ ఊళ్లోనూ ఆ పిల్లలు ఉన్నారు, నెలనెలా హాస్టలుకు డబ్బు కట్టి పట్నంలో చదువుతున్నారు.

## 6. మీ ముందున్న దారులు

బాగుచేసి అదే పనికి వాడటం. గోడలు గట్టిగా ఉండి, పాఠకులు ఉంటే ఇదే చవక.

బాగుచేసి పని మార్చడం. గ్రంథాలయం ఒక గదిలో, మిగతా హాలు పరీక్షలకు చదివేవాళ్లకు, సాయంత్రాలు సభలకు, సంగీతం పాఠాలకు. దానపత్రం ఒప్పుకోవాలి.

ముందు భాగం ఉంచి వెనక కొత్తది. బాత్రూములు, ర్యాంపు, కంప్యూటర్ గది కొత్త భాగంలోకి వెళ్తాయి. పాత హాలు మీద భారం తగ్గుతుంది. వెనక జాగా ఉన్నచోట నా ఓటు దీనికే.

కూల్చి కొత్తది. పునాది కుంగిపోతూ ఉంటే, గోడలు నిటారు తప్పి ఉంటే, మరమ్మతు ఊరి శక్తికి మించి ఉంటే ఇది తప్పు కాదు. ముందు కొలతలతో పూర్తి డ్రాయింగులు గీయించి, శిలాఫలకం, ద్వారబంధాలు, దూలాలు కొత్త భవనంలో వాడేలా ప్లానులోనే రాయించండి.

రోడ్డు వైపు షాపులు, పైన గ్రంథాలయం. అందరూ ముందు చెప్పేది ఇదే. అద్దె వస్తుందన్న మాట నిజమే. కానీ రోజూ పేపరు చదవడానికి వచ్చే పెద్దవాళ్లు మెట్లెక్కలేక మానేస్తారు. అద్దె ఏ ఖాతాలో పడాలో, అందులో ఎంత గ్రంథాలయానికో ముందే రిజిస్టరు కాగితం మీద రాసుకోకపోతే నాలుగేళ్లకు షాపులే మిగులుతాయి. దీనికి ఒప్పుకోవాల్సి వస్తే చదివే గది కింద, షాపులు పక్కన పెట్టించండి.

తాళం వేసి "తర్వాత చూద్దాం" అనడం కూడా నిర్ణయమే. అది కూల్చడానికి ఇంకో పేరు.

## 7. డబ్బు

పాత భవనంలో గోడ విప్పాకే కొన్ని సంగతులు తెలుస్తాయి. అందుకని అంచనా మీద కనీసం ఐదో వంతు అదనంగా పెట్టుకోండి. వసూలైన దాంట్లో కొంత బ్యాంకులో డిపాజిట్ చేసి, ఏడాది నిర్వహణకు దాని వడ్డీ మాత్రమే వాడండి.

- కంపెనీల సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత కింద ఖర్చు చేసే డబ్బు): 2013 కంపెనీల చట్టం ఏడో షెడ్యూలులో చారిత్రక భవనాల పునరుద్ధరణ, ప్రజా గ్రంథాలయాల ఏర్పాటు ఒకే అంశం కింద ఉన్నాయి. మీ దరఖాస్తులో ఆ మాట రాయండి. నేరుగా తీసుకోవాలంటే మీ సొసైటీకి ఆదాయపన్ను శాఖ దగ్గర 12ఏ, 80జీ అని పిలిచే రిజిస్ట్రేషన్లు, వాటితో పాటు సీఎస్ఆర్-1 రిజిస్ట్రేషను కావాలి.
- రాజా రామ్మోహన్ రాయ్ లైబ్రరీ ఫౌండేషన్: కేంద్ర సంస్కృతి శాఖ కింద కోల్‌కతాలో ఉంది. గ్రంథాలయాలకు పుస్తకాలతో పాటు వసతి కోసమూ సాయం చేసే పథకాలున్నాయి.
- గ్రంథాలయ పన్ను: ఆస్తిపన్నుతో కలిపి స్థానిక సంస్థలు వసూలు చేసే సెస్సు జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరాలి. మీది శాఖా గ్రంథాలయమైతే మీ ఊరి నుంచి ఎంత వసూలైందో, ఎంత జమైందో సమాచార హక్కు కింద అడగండి.
- అమెరికాలో ఉన్న ఊరివాళ్లు: ఇక్కడే చాలామంది చిక్కుకుంటారు. భారతీయ పౌరసత్వం ఉన్నవాళ్లు తమ సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు పంపితే, ఓసీఐ కార్డు ఉన్నా సరే, ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) అనుమతి ఉండాల్సిందే. పంపేవాళ్లను పాస్‌పోర్టు ఏ దేశానిదో మొహమాటం లేకుండా అడగండి.

## 8. సభ ఎలా పెట్టాలి?

నివేదిక చేతికొచ్చాకే సభ. కనీసం పదిహేను రోజుల ముందు టముకు వేయించండి, వాట్సాప్ గ్రూపులో పెట్టండి, గుమ్మానికి అంటించండి. రోజూ వచ్చే పాఠకులను, ఆడవాళ్లను, దాత కుటుంబాన్ని విడిగా పిలవండి. పిలవకపోతే రారు.

సభ కంటే ముందు ఒక ఆదివారం భవనం తెరిచి అందరినీ లోపల తిప్పండి. గాజు పట్టీలు, దూలం కొస, సుద్ద గీతలు చూపించండి. తమ కళ్లతో చూసినవాళ్లు సభలో అరవరు, ప్రశ్నలు అడుగుతారు.

సభలో క్రమం ఇది: ముందు కాగితాల సంగతి, తర్వాత ఇంజినీరు మాట, తర్వాత వాడకం పుస్తకం, ఆపైన దారులు. ప్రతి దారి పక్కన మొదటి ఖర్చు, ఏటా ఖర్చు, బాధ్యత తీసుకునే మనుషుల పేర్లు బోర్డు మీద రాయండి. పేర్ల గడి ఖాళీగా ఉన్న దారిని ఆ రోజే పక్కన పెట్టండి. తీర్మానం మినిట్స్ పుస్తకంలో రాసి సంతకాలు తీసుకోండి.

## 9. తరచూ జరిగే పొరపాట్లు, వాటికి దిద్దుబాట్లు

కారుతోందని మిద్దె మీద కొత్త కాంక్రీటు పొర వేయడం. 20 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవున్న హాలు మీద రెండంగుళాల పొర వేస్తే ఆరున్నర టన్నులకు పైగా బరువు పాత దూలాల మీద పడుతుంది. ఇప్పటికే వేసి ఉంటే వెంటనే ఊతాలు పెట్టించి, ఇంజినీరు పర్యవేక్షణలో ఆ పొర తీయించండి.

"ఉచితంగా కూలుస్తాం, సామాను మాకివ్వండి" అన్న మాటకు ఒప్పుకోవడం. పాత టేకు ధర వాళ్లకు బాగా తెలుసు. ఎన్ని దూలాలు, ఎన్ని ద్వారబంధాలు, ఎంత పొడవు అన్నది ముందే లెక్క రాసి ఫోటోలు తీయండి. అమ్మాల్సి వస్తే బహిరంగ వేలం పెట్టండి.

సున్నం పనిని తొందరపెట్టడం. సున్నం గార రోజుల తరబడి తడుపుతూ ఉండాలి. కరక్కాయ, బెల్లం నీళ్లు కలిపే పాత మేస్త్రీలు ఇంకా ఉన్నారు. పెద్ద పనికి ముందు నాలుగడుగుల గోడ నమూనాగా చేయించి, నెల తర్వాత చూసి ఒప్పుకోండి.

బాగుచేయాలంటే అందరినీ ఖాళీ చేయించాలనుకోవడం. హైదరాబాద్ మొజంజాహి మార్కెట్‌ను బాగుచేసి 2020 ఆగస్టులో మళ్లీ తెరిచారు. వ్యాపారులు అక్కడే ఉన్నారు. ఒక గది మూసి ఇంకో గది నడుపుతూ పని సాగించవచ్చు.

## 10. తీర్మానం అయ్యాక

ఏ దారి ఎంచుకున్నా ఈ జాబితా గుమ్మం లోపల అంటించి, ప్రతి పని పక్కన ఒక మనిషి పేరు రాయండి:

- మే నెలాఖరు: మిద్దె ఊడ్చి తూములు శుభ్రం చేయడం.
- మొదటి గట్టి వాన రోజు: లోపల తిరిగి తడి గుర్తులు పెట్టడం.
- అక్టోబరు: గోడల్లో మొలకలు, చెదల దారులు చూడటం.
- జనవరి: గాజు పట్టీలు చూసి ఫోటోలు తీయడం, లెక్కలు నోటీసు బోర్డు మీద పెట్టడం, సొసైటీ వార్షిక జాబితా రిజిస్ట్రారుకు పంపారో లేదో సరిచూడటం.

తాళంచెవులు రెండు ఇళ్లలో ఉండాలి. వాటిలో ఒకటి భవనానికి నడిచి వెళ్లేంత దగ్గరలో ఉండాలి.